డ్యూటీ దిగాక టెన్షన్ ఎక్కడ దించుతున్నాం? తిరుపతి డ్రైవర్లకు ఒక బహిరంగ లేఖ

తిరుపతి బస్టాండు దగ్గర, రైల్వే స్టేషను ముందర, అలిపిరిలో బండ్లు పెట్టుకుని బాడుగ కోసం కాచుకుని ఉండే డ్రైవర్ అన్నలకూ తమ్ముళ్ళకూ నమస్కారం.

నేనూ మీలో ఒకణ్ణే. 31 ఏళ్ళు స్టీరింగు పట్టాను. జీపుతో మొదలుపెట్టి సుమో, ఆ తర్వాత టెంపో ట్రావెలర్ దాకా నడిపాను. నాలుగేళ్ళ క్రితం మానేశాను. మీలో పెద్దవాళ్ళు కొందరికి నా ముఖం గుర్తుంటుంది. పేరు రాయడం లేదు, రాయాల్సిన అవసరమూ లేదు. నాకు జరిగింది మన స్టాండులో సగం మందికి జరిగిందే.

పోయిన నెలలో ఒకరోజు మా చుట్టాలను కొండకు పంపించడానికి తెల్లవారుజామున అలిపిరికి వెళ్ళాను. ఘాట్ గేటు ఇంకా తెరవలేదు. బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. మావాళ్ళు మాట్లాడుకున్న బండి డ్రైవరుకు పాతికేళ్ళు కూడా ఉండవు. స్టీరింగు మీద తల ఆనించి పడుకుని ఉన్నాడు. అద్దం మీద తట్టాను. దించి, నన్ను చూసి నవ్వాడు. నవ్వుతో పాటే వాసన కొట్టింది.

ముందురోజు పొద్దున చెన్నైకి పోయి రాత్రి 11 గంటలకు తిరిగొచ్చాడట. పడుకుంటే నిద్ర పట్టలేదట. "కళ్ళు మూస్తే లారీ లైట్లే కనపడతా ఉన్నాయి మామా. అందుకే ఒక క్వార్టరు వేసి రెండు గంటలు పడుకున్నా. ఇప్పుడు బాగానే ఉన్నా" అన్నాడు. మావాళ్ళు ఎనిమిది మంది, అందులో ఇద్దరు చిన్నపిల్లలు. ఆ చేతుల్లో పెట్టి పంపలేకపోయాను. వేరే బండి మాట్లాడాను. కుర్రాడు నాతో గొడవ పడతాడనుకున్నాను. పడలేదు. బండి దిగి, రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు.

ఆ ఏడుపు నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఎన్నో ఏళ్ళ కింద అదే అలిపిరిలో నేనూ అలాగే కూర్చున్నాను. నేను మాత్రం ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

తాగొద్దని చెప్పడానికి మాత్రమే ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ మాట చెప్పేవాళ్ళు మనకు చాలామందే ఉన్నారు: ఇంట్లో వాళ్ళు, పోలీసులు, గోడల మీద బోర్డులు. ఎవరూ చెప్పని ఇంకో మాట ఉంది. తాగకుండా ఉంటే ఆ టెన్షన్‌ని ఏం చెయ్యాలి? అది ఎక్కడికి పోవాలి? నేను రాసేది దాని గురించే.

మన పనిలో టెన్షన్ ఎక్కణ్ణుంచి వస్తుందో బయటివాళ్ళకు అర్థం కాదు. సీట్లో కూర్చుని చక్రం తిప్పడమే కదా అనుకుంటారు. 1974లో వేసిన రెండో ఘాట్‌లో కొండ ఎక్కుతాం, 1944లో వేసిన మొదటి ఘాట్‌లో దిగుతాం. 40 నిమిషాలకన్నా ముందే దిగితే జరిమానా. వెనక నుంచి పార్టీ, అంటే బండి మాట్లాడుకున్నవాళ్ళు, మాత్రం "రైలు టైమవుతోంది స్వామీ, కొంచెం తొందరగా పోనీండి" అంటూనే ఉంటుంది. పక్కన ఫోన్ మోగుతుంది. ఓనరో, ఫైనాన్సువాడో, ఇంటి నుంచో. రెండు కళ్ళూ మలుపు మీదే ఉండాలి. ఇవన్నీ ఒకే తలలో, ఒకే టైంలో.

ఇంతలో అడ్డంగా ఎవరో వస్తారు. బ్రేకు తొక్కుతాం. తప్పిపోతుంది. "హమ్మయ్య" అనుకుని పోతాం. కానీ ఒంట్లో అది అక్కడితో అయిపోదు. ఆ క్షణంలో అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఎందుకంటే పరిగెత్తడానికో, కలబడడానికో ఒళ్ళు తయారవుతుంది. అడవిలో చిరుతపులి ఎదురైన మనిషికి ఆ బలం కావాలి. పరిగెడతాడు, ఆ బలం ఖర్చయిపోతుంది. మనం పరిగెత్తం. సీట్లోనే ఉంటాం. తయారైన ఆ బిగువంతా మెడలో, భుజాల్లో, దవడలో, కడుపులో అట్లాగే ఉండిపోతుంది. ఒక ట్రిప్పులో నాలుగుసార్లు, రోజుకు రెండు ట్రిప్పులు, నెలకు పాతిక రోజులు లెక్కేసుకోండి. కార్టిసాల్ అనే ఇంకో హార్మోను రోజుల తరబడి ఎక్కువగా ఉంటే నిద్ర చెడుతుంది, షుగరు, బీపీ మీద పడుతుంది. మన స్టాండులో యాభై దాటకుండానే బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు ఎంతమందో మీరే చూసుకోండి.

నా సంగతి చెప్తాను.

అది డిసెంబరు నెల. సాయంత్రం ఆరు దాటింది, కొండ మీద మంచు దిగింది. బండిలో పన్నెండు మంది, హైదరాబాదు పార్టీ. దర్శనం బాగా అయిందని పాటలు పాడుకుంటున్నారు. ఒక మలుపు తిరిగేసరికి ముందర ఒక బండి ఆగిపోయి ఉంది, వెనక లైట్లు వెలగడం లేదు. బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి పోయింది. బ్రేకులు వేడెక్కి పట్టకపోతే కాలికి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. కింది గేరుకు కొట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, పిట్టగోడకు బంపరు రాసుకుంటూ ఆపాను. ఆ బండికీ నా బండికీ మధ్య మూరెడు జాగా మిగిలింది.

వెనక ఒక పెద్దావిడ "గోవిందా" అంది. మిగతావాళ్ళకు ఏం జరిగిందో తెలియనే లేదు. నా కుడికాలు మాత్రం ఆగలేదు. బ్రేకు మీద ఉన్న కాలు దానంతట అదే వణుకుతోంది. రెండు చేతులతో మోకాలిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. పట్టుకున్నా ఆగలేదు. చెప్పు పెడల్‌కు తగిలి టకటకమని చప్పుడు వస్తోంది. "ఏం స్వామీ, పోదామా?" అన్నారు. పోయాను. వాళ్ళను స్టేషను దగ్గర దించి అలిపిరికి తిరిగొచ్చి గట్టు మీద కూర్చున్నాను. ఓనరుకు ఫోన్ చేసి చెప్పాను. బంపరుకు ఎంతవుతుందని అడిగాడు. తెల్లారి నాలుగింటికి కాణిపాకం, శ్రీపురం ట్రిప్పు ఉందని చెప్పి పెట్టేశాడు.

ఆ రాత్రి స్టాండులో నలుగురం చేరాం. జరిగింది చెప్పబోయాను. సగంలోనే "బతికిపోయావు కదన్నా, వేసుకో" అని గ్లాసు చేతిలో పెట్టారు. వాళ్ళ తప్పు లేదు. మాకు తెలిసిన మందు అదొక్కటే. మొదటి గ్లాసు దిగాక కాలు వణుకు ఆగింది. నేను మోసపోయింది అక్కడే. ఆగింది కాబట్టి అదే మందనుకున్నాను. ఆ తర్వాత ఏడేళ్ళు రోజూ అదే మందు.

ఘాట్‌లో దిగేటప్పుడు బండిని న్యూట్రల్‌లో వదిలితే ఎట్లా ఉంటుంది? ఇంజను మోత ఉండదు. హాయిగా జారిపోతుంది. డీజిలు మిగిలిందని కూడా అనిపిస్తుంది. కానీ బండి మన పట్టులో ఉండదు. బరువంతా బ్రేకు మీద పడుతుంది, కాసేపటికి అదీ వేడెక్కి పట్టడం మానేస్తుంది. గేరులో దిగితే మోత వస్తుంది, నిదానంగా పోతుంది, విసుగొస్తుంది. కానీ బండి మన చేతిలో ఉంటుంది. నా ఏడేళ్ళూ న్యూట్రల్‌లో దిగినట్టే గడిచాయి. తాగితే నిద్ర వెంటనే పడుతుంది, అది నిజం. రెండు మూడు గంటలకల్లా మెలకువ వచ్చేస్తుంది, ఇది కూడా నిజం. ఒంట్లో ఆల్కహాల్ దిగిపోయే కొద్దీ నిద్ర ముక్కలు ముక్కలవుతుంది. అర్ధరాత్రి రెండింటికి గుండె దడతో లేచి, చెమటలు పట్టి, ఫ్యాను చూస్తూ పడుకున్న రాత్రులు మీకూ ఉండే ఉంటాయి. దాన్ని మనం టెన్షన్ అనుకుంటాం. సాయంత్రం వేసుకున్న క్వార్టరే అర్ధరాత్రి అట్లా లేపుతుంది.

మా ఆవిడ పోరు పడలేక కాణిపాకం వెళ్ళాను. కోనేట్లో మునిగి, వరసిద్ధి వినాయకుడి ముందర ప్రమాణం చేశాను. మన చిత్తూరు సీమలో ఆ ప్రమాణం అంటే ఆషామాషీ కాదు. ఊళ్ళో తగువుల్లో "కాణిపాకం వస్తావా?" అంటే అబద్ధం చెప్పేవాడి నోరు పడిపోతుంది. నేను మనసారా చేశాను. రెండో రాత్రికి చేతులు వణకడం మొదలైంది. మూడో రోజు గోడ మీద చీమలు బారులు బారులుగా పోతున్నట్టు కనిపించాయి. అక్కడ చీమలు లేవని మా అమ్మాయి చెప్తే నమ్మలేదు. గాలి సోకిందన్నారు ఇంట్లో. మా బావమరిది ఒక పెగ్గు పోసి ఇచ్చాడు. గంటలో అంతా సర్దుకుంది. ప్రమాణం పోయింది.

దేవుడి ముందు మాట తప్పాననే బాధ ఇంకో బరువయింది. ఆ బరువు మరిచిపోవడానికి ఇంకా ఎక్కువ తాగాను. ఇది ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి ఆగుతోంది.

కాబట్టి ఒక జాగ్రత్త. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. చేతుల వణుకుతో మొదలై ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అది గాలి కాదు, పిరికితనమూ కాదు. ఒళ్ళు అలవాటు పడిన మందు ఒక్కసారిగా ఆగడం వల్ల వచ్చేది. డాక్టరును కలిసి, మాత్రల సాయంతో మానాలి. మొక్కు మొక్కుకోండి, కానీ ముందు డాక్టరును చూడండి. రెండోసారి నేను అదే చేశాను. మన రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్ళాను. ఓపీ చీటీ చేతిలో పట్టుకుని, తెలిసినవాళ్ళు చూస్తారేమోనని తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాను.

మాత్రలు రాశాక డాక్టరు ఒక ప్రశ్న అడిగాడు. "సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా తాగేవాడివి కదా. మానేశాక ఆ రెండు గంటలు ఏం చేస్తావు?"

నా దగ్గర జవాబు లేదు. పదేళ్ళు ఆలోచించినా ఆ ప్రశ్న నాకు తట్టేది కాదు. మొదటి ప్రమాణం ఎందుకు నిలబడలేదో అప్పుడు తెలిసింది. సీసా తీసేశాను, దాని జాగాలో ఏమీ పెట్టలేదు. టెన్షన్ మాత్రం రోజూ సాయంత్రం ఏడింటికి వచ్చి అదే తలుపు కొడుతోంది.

ఆ రెండు గంటల్లో నేను ఏం పెట్టానో చెప్తాను. మీకు అన్నీ నప్పకపోవచ్చు.

మొదట నడక. బండి స్టాండులో పెట్టేసి కపిలతీర్థం దాకా నడిచేవాణ్ణి. వ్యాయామం కోసం కాదు. ఒంట్లో పరిగెత్తడానికి తయారై, పరిగెత్తకుండా ఉండిపోయిన ఆ బిగువు ఉంది చూశారా, అది కాళ్ళ నుంచే దిగుతుంది. మొదటి పది నిమిషాలు ఓనరును మనసులో తిడుతూ నడిచేవాణ్ణి. ఇరవయ్యో నిమిషానికి తిట్లు అయిపోయేవి. అరగంటకు ఆకలి వేసేది. తాగే రోజుల్లో నాకు ఆకలన్నది తెలియనే తెలియదు.

కపిలతీర్థంలో కోనేటి మెట్ల మీద కూర్చునేవాణ్ణి. వానాకాలమైతే కొండ మీంచి నీళ్ళు పడుతుంటాయి, ఆ చప్పుడులో పక్కవాడి మాట కూడా వినపడదు. అక్కడ ఊపిరి లెక్కపెట్టేవాణ్ణి. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. డాక్టరు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. గాలి పీలిస్తే పోయేదానికి ఇంత అవస్థా అనుకున్నాను. నమ్మకపోతే నువ్వే నాడి పట్టి చూసుకో అన్నాడు. చూశాను. ఊపిరి వదిలేటప్పుడు గుండె కొంచెం నిదానిస్తుంది. అందుకే వదిలేది పీల్చేదానికన్నా పొడుగ్గా ఉండాలి. అట్లా ఐదు నిమిషాలు చేస్తే దవడ బిగువు వదులుతుంది. మీరూ మణికట్టు మీద వేళ్ళు పెట్టి చూసుకోండి. ఇది కోనేటి దగ్గరే చెయ్యాలని లేదు. పార్టీ టిఫిను తింటున్నప్పుడు, ఘాట్ గేటు తెరవకముందు, బండిలోనే చెయ్యొచ్చు. ఖర్చు లేదు, ఎవరికీ తెలియదు.

మూడోది మీకు కొత్తగా ఉంటుంది. ట్రిప్ షీట్ వెనక రాసుకోవడం. నేను చదివింది ఏడో తరగతి. అయినా రాసేవాణ్ణి. "మలుపులో బైకు అడ్డం వచ్చింది. తప్పింది. చేతులు వణికాయి. పార్టీ తిట్టింది. నా తప్పు లేదు." అంతే. కొన్ని రోజులు "నా తప్పే" అని కూడా రాశాను. తలలో పెట్టుకుంటే అదే సంగతి వందసార్లు తిరుగుతుంది. కాగితం మీద పెట్టాక ఒక్కసారి చదువుకుంటే చాలు. ఆ షీట్లు ఒక ప్లాస్టిక్ కవర్లో దాచిపెట్టాను. డిసెంబరు మంచులో జరిగింది కూడా ఏడేళ్ళ తర్వాత ఒకరోజు కూర్చుని పూర్తిగా రాశాను. పెడల్ మీద చెప్పు చప్పుడు దగ్గర నుంచి ఓనరు అడిగిన బంపరు ఖర్చు దాకా. రాస్తూ ఏడ్చాను. ఆ తర్వాత ఆ మలుపు దగ్గరికి వచ్చినప్పుడు కాలు బిగుసుకోవడం తగ్గింది.

ఇంట్లో మాట్లాడడం అన్నిటికన్నా కష్టమయింది. ఇంటికి రాగానే మా ఆవిడ "ఏమైంది?" అనేది. నేను "ఏం లేదు" అనేవాణ్ణి. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ రెండు మాటలే ఎక్కువ మాట్లాడుకున్నామేమో. ఒకరోజు ఆమె చెప్పింది: "నువ్వు ఏం లేదన్నప్పుడల్లా నా మీదే కోపమనుకుంటా. రాత్రంతా నేనేం తప్పు చేశానా అని వెతుక్కుంటా." నాకు మతిపోయింది. నా టెన్షన్ నేనే మోస్తున్నాననుకున్నాను. ఆమె కూడా మోస్తోంది, అదేంటో తెలియకుండా. అప్పట్నుంచి ఒక ఒప్పందం పెట్టుకున్నాం. వచ్చాక నాకు అరగంట. స్నానం చేస్తాను, ఎవరూ పలకరించరు. ఆ తర్వాత జరిగింది చెప్తాను, మంచైనా చెడైనా. ఆమె సలహాలు ఇవ్వదు, వింటుంది. ఆమె రోజు గురించి నేనూ వినాలి, అదీ ఒప్పందంలో భాగమే. ఇల్లు నడపడంలో టెన్షన్ మన ఘాట్ రోడ్డుకు ఏమీ తీసిపోదని నాకు అప్పుడే తెలిసింది.

ఇక హాన్స్, గుట్కా, తెల్లవార్లూ ఫోన్‌లో రీల్స్, నిద్ర ఆపుకోవడానికి వరసగా టీలు, వీటి గురించి ఎక్కువ చెప్పను. సాయంత్రం ఐదు తర్వాత టీ మానేసి చూడండి, వారంలో తేడా మీకే తెలుస్తుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఊపిరి లెక్కపెట్టినంత మాత్రాన ఈఎంఐ కట్టుబడదు. కొన్ని టెన్షన్లు మనసులోవి, కొన్ని లెక్కలోవి. రెండూ కలిపేసుకుని ఏదీ తేల్చుకోలేక తిరుగుతుంటాం. డబ్బు టెన్షనైతే కాగితం తీసుకుని ఎంత రావాలో, ఎంత కట్టాలో రాసుకోండి. ఫైనాన్సువాళ్ళు బండి దగ్గరికి రాకముందే మీరే ఆఫీసుకు పోయి మాట్లాడండి. ఫోన్ ఎత్తకుండా నెల రోజులు తప్పించుకు తిరిగితే కలిగే బాధ, పోయి కూర్చుని మాట్లాడితే కలిగే బాధకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ తప్పు నేను చేశాను కాబట్టి చెప్తున్నాను.

ఈ ఉత్తరం ఓనర్లు కూడా చదువుతారని తెలుసు. వాళ్ళతో ఒక మాట. ఐదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న మోటారు రవాణా సంస్థలకు 1961లోనే చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని అందులో రాశారు. ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి అని కూడా రాశారు. ఇది డ్రైవరు మీద దయతో ఇచ్చేది కాదు. చెన్నై నుంచి రాత్రి 11 గంటలకు వచ్చినవాణ్ణి తెల్లవారుజామున ఘాట్ ఎక్కమంటే, వాడు నిద్ర కోసం ఏదో ఒకటి వేసుకుంటాడు. ఆ క్వార్టరులో సగం మీరు పోసినట్టే. నలుగురైదుగురు బండ్లున్నవాళ్ళు కలిసి, స్టాండు దగ్గర నాలుగు మంచాలూ ఒక ఫ్యానూ ఉన్న గది అద్దెకు తీసుకుంటే ఎంత ఖర్చవుతుంది? ఒక బంపరు రిపేరుకన్నా తక్కువే.

మళ్ళీ మన దగ్గరికి వస్తాను. నేను నిజంగా అడగదలచుకున్నది స్టాండు గురించి.

2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది గుర్తుందా? మరునాడు మన స్టాండులో అందరూ దాని గురించే మాట్లాడారు. బస్సు ఎక్కడ పడింది, ఎంతమంది పోయారు, లోయ ఎంత లోతు. రాత్రి మనలో ఎంతమందికి నిద్ర పట్టలేదో మాత్రం ఒక్కడూ చెప్పలేదు. మనం రోజంతా మాట్లాడుకుంటాం. బాడుగల గురించి, రాజకీయాల గురించి, చలాన్ల గురించి. భయం గురించి మాట్లాడం. ఎవడైనా మొదలుపెడితే "ఏం కాదులే" అని నవ్వేసి గ్లాసు చేతికిస్తాం. నేనూ ఇచ్చాను. డ్యూటీలో చేరిన మొదటి నెలలోనే ఒక కుర్రాడు "అన్నా, ఒక్క క్షణం బ్రేకు పడలేదనుకున్నా" అని నా దగ్గరికొస్తే, నేనే డబ్బులిచ్చి బ్రాందీ షాపుకు పంపాను. రెండేళ్ళకు డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులో వాడి లైసెన్సు పోయింది. ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఆ రోజు నేను పది నిమిషాలు వాడి పక్కన కూర్చుని "ఎక్కడ? ఏమైంది? పూర్తిగా చెప్పు" అని ఉండాల్సింది.

మిమ్మల్ని నేను అడిగేది అదే. ఎవడైనా ట్రిప్పు నుంచి వచ్చి మాటామంతీ లేకుండా కూర్చుంటే, గ్లాసు ఇవ్వకండి. "ఏమైంది?" అని అడగండి. వాడు చెప్పేదాకా ఆగండి. చెప్తున్నప్పుడు "నాకైతే ఇంకా ఘోరం జరిగింది" అని మన కథ మొదలుపెట్టొద్దు. సలహా ఇవ్వక్కర్లేదు. జరిగింది ఒకసారి మొదటి నుంచి చివరి దాకా నోటితో చెప్పుకోవడానికి మనిషి కావాలి, అంతే.

వినడం వల్ల తీరనివి కూడా ఉంటాయి. రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, దేని మీదా ఇష్టం లేకపోయినా, బతకడం ఎందుకనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి. 14416కు ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. పగలూ రాత్రీ ఎప్పుడైనా, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడొచ్చు. మందు, మత్తు మానడానికి సాయం కావాలంటే 14446. రుయాకు పోతే తలకు తువ్వాలు చుట్టుకోనక్కర్లేదు. మీరు చూపించుకున్న సంగతి మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. కాలు విరిగితే కట్టు కట్టించుకుంటాం. ఆ డిసెంబరు రాత్రి నా కాలు విరగలేదు కాబట్టి నాకేమీ కాలేదనుకున్నాను.

అలిపిరిలో ఏడ్చిన కుర్రాడి నంబరు ఆ రోజే తీసుకున్నాను. మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి "వస్తా మామా" అన్నాడు. నిన్న వచ్చాడు. కపిలతీర్థంలో కోనేటి మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు చెప్పులతో మెట్టు మీద గీతలు గీస్తూ ఉన్నాడు. నేనేమీ అడగలేదు. చీకటి పడుతుండగా "ఆ లారీ ఉంది చూశావా మామా, పుత్తూరు దాటినాక వచ్చింది" అని మొదలుపెట్టాడు. గుడి మూసే వేళ దాకా చెప్పాడు.

నేను రోజూ సాయంత్రం 6 నుంచి 7 దాకా అక్కడే ఉంటాను. కోనేటికి ఎడమపక్క మెట్ల మీద, తెల్ల చొక్కా, భుజం మీద ఎర్ర తువ్వాలు. బండి స్టాండులో పెట్టేసి నడిచి రండి.

మీ అన్న,
ఒక పాత ఘాట్ రోడ్డు డ్రైవరు,
తిరుపతి